దళితుడు ఇంటి ఓనరైతే: కర్నూలు, కడపల్లో బాడుగ ఇళ్ల సంగతి

దళితులకు పట్నంలో బాడుగ ఇల్లు దొరకదన్న సంగతి మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, చెప్పుకున్నాం. కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్‌కే 1917లో బరోడాలో తలదాచుకునే చోటు దొరకలేదు. పారసీ పేరుతో ఒక సత్రంలో వుంటే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. 2015లో సుఖదేవ్ థొరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో బాడుగ ఇళ్లమీద జరిపిన అధ్యయనాన్ని ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రచురించింది. కులం, మతం తెలిశాక ఓనర్ల జవాబు ఎట్లా మారుతుందో అందులో రుజువైంది. ఇదంతా బాడుగకు వెళ్లేవాడి వైపునుంచి చూసిన కథ.

ఈ వ్యాసంలో మేము రెండోవైపు నుంచి చూడదలచుకున్నాం. దళితుడే ఓనరైతే ఏమవుతుంది? ఇది వింత ప్రశ్నేమీ కాదు. రిజర్వేషన్లవల్ల ఉద్యోగాల్లోకి వచ్చిన తరం టీచర్లు, నర్సులు, రైల్వే గ్యాంగ్‌మన్లు, ఆర్టీసీ కండక్టర్లు ఇప్పుడు రిటైరవుతున్నారు. బ్యాంకు అప్పుతోనో, పీఎఫ్ సొమ్ముతోనో ఊరి అంచున రెండు సెంట్లు, మూడు సెంట్లు కొని ఒక చిన్న ఇల్లు కట్టారు. పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిపోయారు. లేదంటే తాముండే ఇల్లు వేరే వుంది, ఇది రెండోది. దాన్ని బాడుగకిచ్చారు. భూమి లేని కులాలకు ఆస్తి అన్నది మొదటిసారి ఇట్లాంటి రూపంలో చేతికొచ్చింది. భూస్వామికి భూమి ఇచ్చే అధికారం వేరు, ఈ ఇల్లు ఇచ్చేది వేరు. ఆ తేడా ఏమిటన్నదే మా చర్చ.

కర్నూలుకు బాడుగ ఇళ్ల చరిత్ర కొత్తదేం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఊళ్లో ఇళ్లు చాలక ఆఫీసులు, ఉద్యోగులు డేరాల్లో వుండవలసి వచ్చింది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. రాష్ట్రంలో అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది 1960లో. అదే ఏడాది ఇదే జిల్లా పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఆ చట్టం పెద్ద ఓనర్లనుంచి బాడుగదారుల్ని కాపాడటానికి వచ్చింది. అప్పట్లో మాదిగ గేరి నుంచి ఒక మనిషి పట్నంలో ఇల్లు బాడుగకిస్తాడని ఎవరూ ఊహించి వుండరు.

మొదట బాడుగదారు దొరకడం సంగతి. మాలో ఒకరు కర్నూలులో రెండు గదుల ఇల్లు కట్టి బాడుగ బోర్డు పెట్టారు. ఇది వాళ్లకు తొలి అనుభవం. మొదటి నెల వచ్చి చూసిపోయినవాళ్లకు ఇల్లు నచ్చింది, నీళ్లు నచ్చినాయి, బాడుగ గూడా ఎక్కువనలేదు. పోయేముందు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "మీరేమనుకోవద్దు సార్, మీరేమిట్లోళ్లు?" చెప్పినాక "ఇంట్లో అడిగి ఫోన్ చేస్తాం" అని పోయారు. ఫోన్ రాలేదు. ఇక్కడ మనం గమనించవలసింది, అడ్వాన్సు ఇచ్చేవాడు, ఇల్లు కావలసినవాడు, అవసరంలో వున్నవాడు కూడా ఓనరు కులాన్ని విచారిస్తాడు. సరుకు కొనేవాడికి అమ్మేవాడి కులంతో పనిలేదని అర్థశాస్త్రం పుస్తకాలు రాస్తాయి. ఇల్లు విషయంలో అది అబద్ధం. దళితుడు కట్టిన ఇంట్లో వండుకు తింటే మైలపడతామన్న భావన, దళితుడికి నెలనెలా చేయి చాచి బాడుగ ఇవ్వాలన్న చిన్నతనం, రెండూ కలిసి పనిచేస్తాయి. రెండోదే ఎక్కువని మాకనిపిస్తుంది.

గృహప్రవేశంనాడు ఆ ఇంటి ముందుగదిలో అంబేడ్కర్ పటం తగిలించారు. రెండు నెలలు ఇల్లు ఖాళీగా వున్నాక మా మిత్రుడే ఆ పటం తీసి బీరువాలో పెట్టి, తర్వాత వచ్చినవాళ్లకు ఇల్లు చూపించారు. ఇల్లు పోయింది. అంటే బాడుగకు పోయింది. ఈ సంగతి మాతో చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాం. తప్పు ఆయనదని మేము అనం. బ్యాంకు కంతు ఆగదు గదా. కానీ ఇట్లా ఎంతమంది ఓనర్లు తమ సొంత గోడలమీద తమను తాము తుడిచేసుకుంటున్నారో లెక్కెవరు తీయాలి?

బ్యాంకు కంతు అన్నాం కాబట్టి ఆ లెక్క కొంచెం చూద్దాం. పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, పదిహేనేళ్ల గడువు అనుకుంటే నెల కంతు సుమారు 10,143 రూపాయలు పడుతుంది. మొత్తం కట్టేది పద్దెనిమిది లక్షల పైచిలుకు. ఆ ఇంటికి నెలకు ఆరువేలు బాడుగ వస్తుందనుకుందాం. ప్రతినెలా నాలుగువేల పైన చేతినుంచి పడాలి. ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా వుంటే ఇంకో పన్నెండువేలు. ఒక బోరు మోటారు కాలితే, ఒక పైకప్పు కారితే ఇంకెంతో. ఇంటి పన్ను సంగతి మరొకటి. మునిసిపాలిటీల్లో ఆస్తిపన్నును వార్షిక అద్దె విలువమీద వేసేవాళ్లు. 2020లో చట్టం సవరించి 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువమీద వేస్తున్నారు. అంటే ఆ ఏడాది బాడుగ ఎంతొచ్చిందన్నదానితో సంబంధం లేకుండా, స్థలం విలువ పెరిగేకొద్దీ పన్ను పెరిగే పద్ధతి. ముత్తాత కాలంనుంచి ఆస్తి వున్నవాడికి ఇది చిల్లర. ఒక్క ఇల్లే ఆస్తి అయినవాడికి, వెనక అన్నదమ్ముల ఆస్తి, పొలం, బంగారం ఏమీ లేనివాడికి రెండు నెలల ఖాళీ అంటే కొత్త అప్పు. "సొంతిల్లు వుంది, బాడుగ వస్తుంది, నీకేమప్పా!" అని వాడలో అనుకుంటారు. కంతు కట్టే తేదీ వాళ్లకు కనపడదు.

ఈ ఒత్తిడిలోనే భోగ్యం పద్ధతి ముందుకొస్తుంది. కొన్నిచోట్ల దీన్నే లీజు అంటారు. బాడుగదారు ఒక్కసారే రెండు మూడు లక్షలు చేతిలో పెడతాడు. నెలనెలా బాడుగ ఇవ్వడు. గడువు తీరాక సొమ్ము వాపసు తీసుకుని ఇల్లు ఖాళీ చేస్తాడు. ఓనరుకు ఒకేసారి డబ్బు కనపడుతుంది. బ్యాంకు అప్పులో కొంత తీర్చవచ్చు, కూతురి పెళ్లి చేయవచ్చు. మూడేళ్లు గడిచాక మూడు లక్షలు ఎక్కడినుంచి తెస్తాడు? తేలేడు. బాడుగ రాదు, ఇల్లు రాదు. చట్టం దృష్టిలో ఇట్లాంటిది చాలావరకు స్వాధీన తనఖా కిందికి వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన తనఖా అంటే రిజిస్టరు చేసిన పత్రంతోనే చెల్లుతుంది. మన ఊళ్లలో ఇరవై రూపాయల స్టాంపు కాగితంమీద ఇద్దరు సాక్షుల సంతకాలతో పని కానిచ్చేస్తారు. గొడవ వచ్చినప్పుడు ఆ కాగితం ఇద్దరినీ కాపాడదు. కొత్తగా ఓనరైనవాళ్లు భోగ్యానికి పోకుండా వుండగలిగితే మంచిదని మా అభిప్రాయం. తప్పనిసరైతే తీసుకున్న సొమ్ము ఖర్చుపెట్టకుండా బ్యాంకులో వేసి, వడ్డీనే బాడుగ అనుకోవాలి. ఆ ఓపిక వున్నవాడు భోగ్యానికి ఇవ్వడనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు పట్టా ఇళ్లకు వద్దాం. ఇది మన పాఠకుల్లో ఎక్కువమందికి నేరుగా తగిలే విషయం. ఎస్సీ కాలనీల్లో వున్న ఇళ్లలో చాలా భాగం ప్రభుత్వం ఇచ్చిన స్థలాల్లో కట్టినవే. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా మహిళల పేరున ఇళ్ల స్థలాల పట్టాలు ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. అట్లా వచ్చిన ఇంటిని బాడుగకివ్వవచ్చునా? 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం చదివితే గుండె ఆగుతుంది. అందులో బదిలీ అంటే అమ్మకం, దానం, మారకం, తనఖా మాత్రమే కావు, లీజు కూడా. ఈ చట్టం ఇళ్ల స్థలాలకూ వర్తిస్తుంది. షరతు తప్పితే వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానికి వుంది. తర్వాతి సవరణలు ఇళ్ల స్థలాలను కొంతకాలం గడిచాక బదిలీ చేసుకోవడానికి వీలిచ్చాయి. మొదట ఇరవై ఏళ్లన్నారు, తర్వాత పదేళ్లకు తగ్గించారు.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో మరిచిపోకూడదు. పేదలకిచ్చిన భూమిని డబ్బున్నవాళ్లు చిల్లర మొత్తాలకు గుంజుకోకుండా ఆపడానికే వచ్చింది. ఆ మేరకు మనకు రక్ష. అయితే అదే చట్టం వల్ల, కర్నూలు పడమటి పల్లెలనుంచి మిరపకోతకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబం ఆరునెలలు తాళం వేసిన ఇంటిని నోటిమాటమీద ఎవరికో ఇచ్చి నాలుగు రూపాయలు తెచ్చుకుంటే అది కూడా నేరంలాగా కనపడుతుంది. కాలనీలో ఎవరికైనా కోపం వస్తే తహశీల్దారుకు ఒక అర్జీ చాలు. బాడుగదారుకు ఈ సంగతి తెలిస్తే బాడుగ కట్టడు. "కాగితం యాడుంది? నువ్వు బాడుగకు ఇయ్యకూడదు గదా" అంటాడు. అతని నోరు మూయించడానికి ఓనరు దగ్గర ఏమీ వుండదు. మన కార్యకర్తలు చేయదగ్గ పని ఒకటుంది. పట్టా తేదీ, అందులోని షరతులు, ఏ పథకం కింద వచ్చింది అన్నవి ఇంటింటికీ చూసి చెప్పడం. పట్టా వున్నవాళ్లలో చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంటారు గాని చదవరు.

సొంతంగా కొన్న స్థలంలో కట్టిన ఇంటికి ఈ బెడద లేదు. అక్కడ గొడవ వేరే రకం. ఒకే ఇంట్లో కిందా పైనా వుంటే బాడుగదారుడు రోజూ కంటికి కనపడతాడు. విడి ఇల్లు అట్లా కాదు. ఓనరు ఎక్కడో వుంటాడు, నెలకొకసారి వస్తాడు. వచ్చినప్పుడు తన ఇంటి గడప బయట నిలబడి బాడుగ అడుగుతాడు. లోపలికి రమ్మనరు. మంచినీళ్లు ఇవ్వరు. ఇది మేము ఊహించి రాస్తున్నది కాదు. మాలో ఒకరు తన చేత్తో నాపరాయి పరిపించుకున్న వరండాలో రెండేళ్లపాటు ఇట్లా నిలబడ్డారు. కులం తెలియకముందు "ఓనర్ సార్" అన్నవాళ్లు, తెలిశాక "ఏమప్పా, మళ్లీ వచ్చినావా" అన్నారు. బాడుగ ఇచ్చారు, ఎగ్గొట్టలేదు. కానీ ప్రతినెలా ఆలస్యంగా, ప్రతిసారీ రెండుసార్లు తిప్పించి ఇచ్చారు. గొడవ పడితే పెద్దమనుషుల పంచాయితీ. పెద్దమనిషి ఎవరి మనిషో సీమలో చెప్పనక్కరలేదు.

ఇట్లాంటప్పుడు అట్రాసిటీ చట్టం పనికొస్తుందా అని అడుగుతారు. 1989 చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరినుంచి అమల్లో వున్నాయి. దళితుడి భూమినుంచి గాని, అతని కట్టడంనుంచి గాని అతన్ని అక్రమంగా తొలగించడం, దానిమీద అతని హక్కులకు అడ్డుపడటం నేరం. కులం పేరున అవమానించడం నేరమే. అయితే 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. బాధితుడు షెడ్యూల్డు కులస్తుడైనంత మాత్రాన ఆస్తి తగాదా ఈ చట్టం కిందికి రాదు, అది కులం కారణంగానే జరిగిందని కనపడాలి అని. బాడుగ బాకీ కోసం ఆ చట్టం ఎత్తుకుంటే నిలవదు. నిజంగా కులదూషణ జరిగిననాడు కూడా "బాడుగ గొడవలో కేసు పెట్టినాడు" అనే అపవాదుకు అవకాశం ఇచ్చినవాళ్లమవుతాం. బాకీని బాకీగా, అవమానాన్ని అవమానంగా విడివిడిగా రాసిపెట్టుకోవడం మంచిది. తేదీతో, సాక్షితో.

బాకీకి దారి సివిల్ చట్టమే. దానికి కాగితం కావాలి. రాష్ట్రం 2017లో 1960 చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం చేసింది. దానితోపాటు ఆస్తి బదిలీ చట్టం, రిజిస్ట్రేషన్ చట్టం తెలిసుండాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి కాబట్టే అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. నెలవారీ బాడుగ అయితే ఖాళీ చేయమనడానికి ఆస్తి బదిలీ చట్టం పదిహేను రోజుల నోటీసు అడుగుతుంది. కోపమొచ్చి కరెంటు పీకేయడం, నీళ్లు ఆపడం చేయకూడదు. 1960 చట్టంలోనే బాడుగదారుకు సౌకర్యాలు ఆపకూడదన్న నిబంధన వుంది. అడ్వాన్సు ఎంత తీసుకోవాలన్నది మరో తగువు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల బాడుగ మించకూడదని చెప్పింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. అయినా ఆ రెండు నెలలు న్యాయమైన లెక్కగానే మాకు తోస్తుంది.

"పన్నెండేళ్లు వుంటే ఇల్లు బాడుగవాడిదే అవుతుంది" అని ఒక భయం మన వాళ్లలో బాగా వుంది. ఈ భయంతోనే మంచి బాడుగదారుల్ని కూడా రెండేళ్లకు ఖాళీ చేయించి, మళ్లీ ఖాళీ ఇంటితో బాధపడతారు. ఇది సరికాదు. బాడుగదారుగా లోపలికి వచ్చినవాడు, బాడుగదారుగా వున్నంతకాలం, ఇచ్చినవాడికి హక్కు లేదని వాదించలేడు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఈ సూత్రం వుంది, దాని స్థానంలో 2024 జూలైలో అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ వుంది. అయితే అతను బాడుగదారుడేనని చూపే కాగితమో రశీదో వుండాలి. నోటిమాటమీద ఇచ్చి, బాడుగ చేతికి తీసుకుని, పదేళ్లు ఊరుకున్నవాడికే నిజమైన ప్రమాదం.

సీమలో నీళ్ల సంగతి రాయకుండా ఇంటి సంగతి పూర్తికాదు. పాతకాలం మట్టి మిద్దెలకు వానాకాలం ముందు చౌడుమన్ను పోసుకుంటే సరిపోయేది. ఆ పని ఎవరిల్లు వాళ్లే చేసుకునేవాళ్లు. ఇప్పటి స్లాబు ఇంటికి రిపేరంటే ఓనరుదే ఖర్చు. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు ఎవరు తెప్పించాలన్నది అగ్రిమెంటులో రాయకపోతే మే నెలలో ఇల్లు ఖాళీ అవుతుంది. మన వాళ్లకు దొరికే స్థలాలు ఊరి చివర, వంక పక్కన, పల్లంలో వుంటాయి. అక్కడే చవక గనక. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు పల్లపు వీధులే ముందు పోయాయి. బాడుగదారుడు సామాను పోయిందని వెళ్లిపోతాడు. ఓనరుకు బురద, గోడ పగుళ్లు, అప్పు మిగులుతాయి.

ఇక మనల్ని మనం అడుక్కోవలసిన మాట ఒకటుంది. చేదుగా వుంటుంది. దళిత ఓనరు తన ఇంటికి ఎవర్ని రానిస్తున్నాడు? అగ్రకులస్తులు రాకపోతే మన వాళ్లే వస్తారని అనుకుంటాం. యర్రగుంట్ల, ముద్దనూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో, థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కూలీలుగా వచ్చే బిడ్డలకు ఇల్లు కావాలి. కర్నూలు మెడికల్ కాలేజీకి, కడప యోగి వేమన యూనివర్శిటీకి చదువుకోవడానికి వచ్చే దళిత విద్యార్థులకు గది కావాలి. వాళ్లకు ఇవ్వడానికి మన ఓనరే వెనకాడటం చూశాం. "మన వాళ్లకిస్తే బాడుగ అడగడానికి మొహమాటం", "నలుగురు కుర్రాళ్లుంటే పక్కింటోళ్లు ఒప్పుకోరు", "పెద్దకులం వాళ్లుంటే ఇంటికి విలువ పెరుగుతుంది". ఈ మాటలు ఎక్కడ విన్నాం? మనకు ఇల్లు ఇవ్వనివాళ్ల నోటనే గదా! మాల ఓనరు మాదిగ కుటుంబానికి, మాదిగ ఓనరు మాల కుటుంబానికి, ఇద్దరూ కలిసి ముస్లిముకు లేదనడం కూడా వుంది. పౌర హక్కుల పరిరక్షణ చట్టం 1955లో అంటరానితనం పేరున పెట్టకూడని అడ్డంకుల జాబితా వుంది. ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడం, సంపాదించడం, అందులో వుండడం కూడా ఆ జాబితాలో వున్నాయి. బాడుగ ఇల్లు నిరాకరించిన ఓనర్లమీద ఈ చట్టం ఎత్తినవాళ్లు అరుదు. ఇంకోవైపు, అహమ్మదాబాదులో పారసీలకే సభ్యత్వమన్న హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. బరోడా సత్రం జ్ఞాపకం వున్నవాళ్లకు ఆ తీర్పు వేరుగా వినపడుతుంది. చట్టం ఒక చేత్తో మూసి ఇంకో చేత్తో తెరుస్తున్నప్పుడు, తలుపు తాళం మన చేతిలో వున్నచోటైనా మనం ఏం చేస్తున్నామన్నది తప్పించుకోలేని ప్రశ్న.

పటం తీసిన మా మిత్రుడి ఇంట్లో ఆ కుటుంబం ఏడాదిన్నర వుండి బదిలీమీద వెళ్లిపోయింది. ఈసారి బోర్డు పెట్టకముందే పటం మళ్లీ తగిలించారు. మూడు నెలలు ఇల్లు ఖాళీ. కంతుకు చీటీపాట సొమ్ము వాడుకోవలసి వచ్చింది. నాలుగో నెలలో ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ, ఆమె తల్లి వచ్చి చూశారు. గోడవైపు చూసి "ఇది ఇట్లే వుండనీయండన్నా, మేము గూడా ఇదే పెట్టుకుంటాం" అన్నారంట. పదకొండు నెలల అగ్రిమెంటు రాశారు. రెండు నెలల అడ్వాన్సు తీసుకున్నారు. ట్యాంకరు ఖర్చు చెరిసగం. ప్రతినెలా రశీదు రెండు ప్రతుల్లో, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి ఈయన దగ్గర. మోటారు గత నెల కాలింది. దాని బిల్లు ఎవరు కట్టాలో అగ్రిమెంటులో రాసుకోలేదు. ఇప్పుడు ఆ మాటే నడుస్తోంది.